ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను వేడెక్కి నీళ్ళు తగ్గుతున్నాయా? హెడ్ విప్పే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న సారాంశం ఇది. 2.5 లీటర్ల టర్బో డీజిల్ పికప్, బీఎస్-4 పొగ ప్రమాణంది. ఒడిశా కొరాపుట్ జిల్లా కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎక్కించి విజయనగరంలో దించుతున్నారు. తిరుగు లోడుకి సిమెంటు వేసుకుని సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి సెమిలిగూడ చేరుతున్నారు. దిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఎక్కేటప్పుడు మాత్రం పై మలుపులకి వచ్చేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతోంది. ఇల్లు చేరి చల్లారాక చూస్తే రేడియేటర్‌లో ముప్పావు లీటరు తక్కువ, పక్కనున్న రిజర్వు డబ్బా మాత్రం అంచుదాకా నిండి ఉంటోంది. కింద చుక్క కనబడదు. మెకానిక్ థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజను వేడిని బట్టి రేడియేటర్‌కి నీటి దారి తెరిచేది) తీసి పారేశాడు, కొత్త మూత వేశాడు, తేడా లేదు. ఇప్పుడు హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పుదామంటున్నాడు.

ఇప్పుడే విప్పనివ్వకండి. హెడ్ గ్యాస్‌కెట్ (హెడ్‌కీ ఇంజను బ్లాకుకీ మధ్య ఉండే సీలు పలక) పోయి ఉండొచ్చు, కాదనను. కానీ మీరు చెప్పిన లక్షణాలే రేడియేటర్ మూసుకుపోయినా వస్తాయి, ఫ్యాన్ సరిగా తిరగకపోయినా వస్తాయి. గ్యాస్‌కెట్ మార్చాక కూడా బండి అదే మలుపు దగ్గర వేడెక్కితే ఖర్చు పోవడమే కాదు, కొత్త గ్యాస్‌కెట్ కూడా ఆ వేడికే పోతుంది. ముందు తేల్చాల్సింది ఒక్కటే: నీళ్ళు పోవడం వల్ల వేడెక్కుతోందా, వేడెక్కడం వల్ల నీళ్ళు పోతున్నాయా? ఈ రెండింటికీ వైద్యం వేరు.

తేల్చే పద్ధతి ఇది. పొద్దున ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మెడ దాకా నింపండి. డబ్బాలో మాత్రం కింది గీతకి కాస్త పైన ఉంచండి, అంచుదాకా పోయొద్దు. పది లీటర్లు పట్టే ఇంజనులో నీళ్ళు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకి వేడెక్కితే 300 నుంచి 400 మి.లీ. వ్యాకోచిస్తాయి. అదంతా డబ్బాలోకే రావాలి. డబ్బా ముందే నిండి ఉంటే బయటికి పొర్లడం తప్పదు, అది లీకు కాదు. ఇప్పుడు లోడు లేకుండా, ఘాటీ ఎక్కకుండా, సెమిలిగూడ నుంచి కొరాపుట్ దాకా వెళ్ళి రండి. మర్నాడు పొద్దున మళ్ళీ మూత తీసి చూడండి. ముల్లు సగం దాటకపోయినా నీళ్ళు తగ్గాయంటే ముందు పోతున్నది నీళ్ళే. మామూలు రోడ్డు మీద చుక్క తగ్గకుండా, ఘాటీ లోడు మీద మాత్రమే తగ్గితే అప్పుడు చల్లార్చే వైపు మీద, అంటే గాలి, ఫ్యాన్, రేడియేటర్ మీద అనుమానం పెంచాలి. అయితే కొద్దిగా దెబ్బతిన్న హెడ్ గ్యాస్‌కెట్ కూడా సిలిండర్‌లో ఒత్తిడి బాగా పెరిగే లోడు మీదే లీకవుతుంది. అందుకే ఈ ఒక్క పరీక్షతో ఆగకూడదు.

ఎత్తు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వట్టి నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత 0.9 బార్ ఒత్తిడి నిలబెడితే అవే నీళ్ళు 117 డిగ్రీల దాకా మరగవు. సగానికి సగం కూలెంట్ కలిపితే ఇంకో ఆరేడు డిగ్రీలు కలిసొస్తాయి. అంటే మూత ఒత్తిడి పట్టకపోయినా, ఎక్కడో సన్నగా కారి ఒత్తిడి పడిపోయినా, కింద సాలూరులో మరగని నీళ్ళు కొండ మీది పొట్టంగి దగ్గర మరుగుతాయి. మైదానంలో బాగున్న బండి కొండ మీద ఆవిరి కక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

పొద్దున, ఇంజను ముట్టించక ముందు

డబ్బు ఖర్చు లేని పరీక్షలన్నీ ఈ పావుగంటలోనే ఉన్నాయి. రాత్రంతా ఆగిన బండికే చేయాలి. వేడి ఇంజను మూత ఎప్పుడూ తీయొద్దు, గుడ్డ వేసి తీసినా సరే. మరిగే కూలెంట్ ముఖం మీదికి కొడుతుంది.

మొదట పై హోస్ పైపుని చేత్తో నొక్కి చూడండి. రాత్రంతా చల్లారిన బండిలో అది మెత్తగా నొక్కుకోవాలి. గట్టిగా ఉబ్బి ఉండి, మూత తిప్పగానే బుస్సుమని గాలి వస్తే మామూలు సంగతి కాదు. వేడి వల్ల వచ్చిన ఒత్తిడి చల్లారగానే పోతుంది. సిలిండర్‌లోంచి దూరిన గ్యాసు మాత్రం చల్లారినా ఎక్కడికీ పోదు. మీ డబ్బా నిండి ఉండడం, రేడియేటర్ వెలితిగా ఉండడం దీనికి బాగా సరిపోయే గుర్తు. లోపల గ్యాసు నిలిస్తే అది నీళ్ళని డబ్బాలోకి నెడుతుంది. చల్లారాక లోపల పీల్పు పుట్టదు కాబట్టి నీళ్ళు వెనక్కి రావు.

అయితే అదే గుర్తుకి చిన్న కారణాలు కూడా ఉన్నాయి. మూతలో రెండు వాల్వులుంటాయి. పెద్దది ఒత్తిడి దాటితే నీళ్ళని డబ్బాకి పంపుతుంది, మధ్యలో ఉన్న చిన్నది చల్లారేటప్పుడు వెనక్కి పీల్చుకోనిస్తుంది. చిన్న వాల్వుని గోటితో లాగి వదిలితే టక్కున మూసుకోవాలి. అది బిగుసుకుపోతే పై హోస్ చల్లారాక లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. డబ్బాకి వెళ్ళే సన్న గొట్టం పగిలినా, మెడ దగ్గర క్లిప్పు వదులైనా, డబ్బాలో గొట్టం చివర నీటిలో మునిగి లేకపోయినా నీళ్ళకి బదులు గాలి పీల్చుకుంటుంది. కొత్త మూత వేశామంటున్నారు కదా, దాని మీద అచ్చు వేసిన అంకె చూడండి. మీ బండికి కంపెనీ చెప్పిన ఒత్తిడే ఉండాలి. బజారులో దొరికిందల్లా బిగిస్తే 0.5 బార్ మూత కూడా మెడకి సరిగ్గానే కూర్చుంటుంది. మూత కూర్చునే మెడ అంచు లోపలి గీతల్ని వేలితో తడిమి చూడండి. అక్కడ గాటు పడితే ఎన్ని కొత్త మూతలు వేసినా ఒత్తిడి నిలవదు.

తరువాత ఆయిల్. డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ ఉందేమో చూడండి. చలికాలంలో పొట్టంగి, కొరాపుట్ వైపు కొద్ది దూరాలు తిరిగే బండికి మూత అడుగున పలచగా తెల్లటి తేమ పట్టడం సహజం. దాన్ని చూసి భయపడక్కర్లేదు. నిజం తెలియాలంటే సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నట్టుని, రాత్రంతా ఆగిన బండికి, పూర్తిగా తీయకుండా ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయండి. నీరు ఆయిల్ కన్నా బరువు, అడుగున చేరి ఉంటుంది. తెల్ల ప్లాస్టిక్ మూత కింద పట్టుకుని మొదట జారే చుక్కల్ని అందులో చూడండి. ఆకుపచ్చనో ఎర్రనో నీటి ధార వచ్చి, తరువాత నల్లటి ఆయిల్ మొదలైతే కూలెంట్ సంపులోకి దిగుతోందని తేలినట్టే. మొదటి చుక్క నుంచే ఆయిల్ వస్తే నట్టు బిగించేయండి. సంపులో నీరు కనబడితే మాత్రం బండిని ఆ క్షణం నుంచి తిప్పొద్దు. కూలెంట్ కలిసిన ఆయిల్ మీద బేరింగులు కొద్ది దూరంలోనే పోతాయి, అప్పుడు క్రాంక్ దాకా పని పడుతుంది.

రేడియేటర్ మూత తీసినప్పుడు పైన ఆయిల్ మెరుపు కనిపించినా, మెడలో గోధుమరంగు జిగురు పట్టినా ఆయిల్ కూలర్ వైపు చూడాలి. పని చేసే ఇంజనులో ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కన్నా ఎక్కువ కాబట్టి అది పగిలితే ముందు ఆయిలే నీళ్ళలోకి వస్తుంది.

ఇప్పుడు ముట్టించండి. ఇద్దరు ఉంటే మంచిది. మూత వేసి, ఒకరు స్టార్టు చేయగానే రెండోవారు పై హోస్ పట్టుకోవాలి. నీళ్ళు ఇంకా చల్లగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లో, హోస్ రాయిలా బిగుసుకుంటే అది ఆవిరి ఒత్తిడి కాదు, సిలిండర్ గ్యాసే. మూత తీసి అదే సమయంలో మెడలోకి చూస్తే, రేస్ కొంచెం పెంచినకొద్దీ ఆగకుండా సన్న బుడగలు వస్తుంటాయి. మొదటి నిమిషంలో నాలుగైదు బుడగలు వచ్చి ఆగిపోతే అది లోపల మిగిలిన గాలి, లెక్కలోకి రాదు. ఇంకా కచ్చితంగా కావాలంటే డబ్బా గొట్టం చివరని నీళ్ళున్న పారదర్శకమైన సీసాలో ముంచి, మూత బిగించి చూడండి. గ్యాసు దూరుతుంటే ఆ సీసాలో బుడగలు వరుసగా, లయగా పడతాయి.

స్టార్టు చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రాత్రికి రాత్రే రేడియేటర్ బాగా తగ్గి, పొద్దున సెల్ఫ్ కొడితే ఒక్కసారి ఇంజను పట్టేసినట్టు ఆగితే, మళ్ళీ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్ళు నిలిచి ఉండొచ్చు. నీళ్ళు కుదించుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. గ్లో ప్లగ్గులు (స్టార్టుకి ముందు సిలిండర్‌ని వేడిచేసేవి) విప్పి, డీజిల్ ఆపి, చేత్తో తిప్పి నీళ్ళు బయటికి పంపాకే మిగతా సంగతి.

కింద చుక్క పడకపోతే లీకు లేనట్టు కాదు

వేడి ఇంజను మీద కారిన నీళ్ళు నేల దాకా రావు, అక్కడే ఆరిపోతాయి. ఆరిన చోట తెల్లటి లేదా కూలెంట్ రంగు పొరలాంటి మరక మిగులుతుంది. టార్చి వేసుకుని ఆ మరక వెతకాలి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే మొదట అక్కడే కారుతుంది. ఆ రంధ్రం నుంచి కిందికి చార కనిపిస్తే పంపు మార్చాల్సిందే, ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేస్తే నీళ్ళు బేరింగులోకి పోయి పంపే పట్టేస్తుంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు, హీటర్ గొట్టాలు, బ్లాకు పక్క రంధ్రాల్లో కొట్టిన డెడ్ ప్లగ్గులు (రేకు బిరడాలు), క్యాబిన్‌లో ఎడమవైపు కాలి కింద మ్యాట్, ఇవన్నీ చూడాలి. మ్యాట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కాయిల్ కారుతోంది.

కంటితో దొరక్కపోతే ప్రెజర్ టెస్టర్ పెట్టించండి. చేతిపంపుకి గేజు ఉన్న చిన్న పరికరం అది, జయపురంలోనో విజయనగరంలోనో రేడియేటర్ పని చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. మూత మీద రాసిన ఒత్తిడి వరకే, అంటే 0.9 అయితే 0.9 వరకే కొట్టి 15 నిమిషాలు ఆగాలి. ముల్లు కదలకూడదు. చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి చేయాలి. కొన్ని పగుళ్ళు లోహం వ్యాకోచించాకే తెరుచుకుంటాయి, కొన్ని చల్లగా ఉన్నప్పుడే కారి వేడికి మూసుకుంటాయి. ముల్లు పడిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే నీళ్ళు లోపలికే పోతున్నాయి: సంపులోకి, సిలిండర్‌లోకి, లేదా ఈజీఆర్ కూలర్ ద్వారా పొగగొట్టంలోకి.

ఈజీఆర్ కూలర్‌ని చాలామంది మరిచిపోతున్నారు. మీది బీఎస్-4 కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. పొగని చల్లార్చి మళ్ళీ ఇంజనుకి పంపే ఈ చిన్న కూలర్ లోపల సన్నగా పగిలితే నీళ్ళు కాలిపోయి పోతాయి. కింద చుక్క పడదు, ఆయిల్ చెడదు, రేడియేటర్‌లో బుడగలు కూడా అంతగా రావు. హెడ్ గ్యాస్‌కెట్ అనుకుని హెడ్ విప్పితే అక్కడ ఏమీ కనబడదు. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ, తియ్యటి వాసన దీని గుర్తు. కొండ మీద చలి పొద్దుల్లో మొదటి పది నిమిషాల తెల్ల ఆవిరి ప్రతి బండికీ వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కూలర్ పైపు విప్పితే పొడి మసికి బదులు తడి మసి గానీ, కడిగినట్టు శుభ్రంగా ఉన్న చోటు గానీ కనబడితే కూలర్ బయటికి తీయండి. ఒక నీటి ద్వారం మూసి, రెండో దానిలోంచి 1 బార్ గాలి ఇచ్చి, కాగిన నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగ ఎక్కడొస్తుందో తెలిసిపోతుంది. చన్నీళ్ళలో ముంచితే చాలాసార్లు పగులు దొరకదు.

తీసేసిన థర్మోస్టాట్ వెంటనే పెట్టించండి

వాల్వ్ తీస్తే నీళ్ళు ధారాళంగా పారి ఇంజను చల్లబడుతుందన్న నమ్మకం మన వైపు బాగా ఉంది. చాలా ఇంజనుల్లో ఇది తప్పు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా పంపుకే తిరిగొచ్చే బైపాస్ దారి ఒకటుంటుంది. థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు దాని అడుగు పళ్ళెం ఆ బైపాస్‌ని మూసేస్తుంది. వాల్వే లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడి నీళ్ళలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్ళీ ఇంజనులోకి పోతుంది. మైదానంలో బండి మామూలు వేడికి కూడా చేరదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఘాటీ లోడు మీద మాత్రం వేడెక్కుతుంది. మీ బండిలో వాల్వ్ తీశాక తేడా లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కొత్తది కొన్నాక బిగించే ముందు ఇంట్లోనే పరీక్షించండి. గిన్నెలో నీళ్ళు పెట్టి, వాల్వుని దారంతో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. పక్కన థర్మామీటరు పెట్టి కాచండి. దాని మీద 82 అని ఉంటే ఆ అంకెకి రెండు డిగ్రీలు అటూఇటుగా తెరుచుకోవడం మొదలవ్వాలి. 95 దగ్గర పూర్తిగా తెరుచుకోవాలి. అప్పుడు 8 నుంచి 10 మి.మీ. సందు ఉండాలి. కొట్టు నుంచి కొత్తగా తెచ్చినవాటిలో కూడా సగమే తెరుచుకునేవి ఉంటాయి. బిగించేటప్పుడు గాలి పోయే చిన్న పిన్ను పైకి ఉండాలి.

గాలి వైపు

మీ సమస్య ఘాటీలోనే వస్తోంది కాబట్టి ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి. ఘాటీలో లోడు బండి గంటకి 20 కి.మీ. కూడా పోదు. ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌లోంచి గాలి లాగే పని మొత్తం ఫ్యాన్‌దే. మైదానంలో 60 మీద పోయేటప్పుడు ఫ్యాన్ చచ్చినా తెలియదు.

విస్కస్ ఫ్యాన్ అయితే మధ్యలో ఉన్న డ్రమ్ములో సిలికాన్ ద్రవం ఉంటుంది. ముందు వైపు చుట్టగా ఉన్న స్ప్రింగు రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడికి కదిలి ఫ్యాన్‌ని పట్టిస్తుంది. బండి బాగా వేడెక్కాక ఆపి, తాళం చెవి తీసేసి, ఫ్యాన్‌ని చేత్తో గట్టిగా తిప్పండి. ఒక చుట్టులోపే బరువుగా ఆగాలి. మూడు నాలుగు చుట్లు గిర్రున తిరిగితే అది చచ్చిపోయింది. డ్రమ్ము చుట్టూ నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని నక్షత్రంలా చారలు కనిపిస్తే ద్రవం కారిపోయింది. పాటలు కట్టేసి వినండి: ఘాటీలో ముల్లు సగం దాటగానే ఫ్యాన్ హోరు పెరగాలి. ఆ హోరు మీరు ఎప్పుడూ వినలేదంటే ఫ్యాన్‌ని పట్టించే ఆ డ్రమ్ము (ఫ్యాన్ క్లచ్) పని చెయ్యట్లేదు. మీది కరెంటు ఫ్యాన్ అయితే ఏ వేడికి ఆన్ అవుతోందో చూసి, రిలే, ఎర్త్ తీగ చూడండి.

ఫ్యాన్ చుట్టూ ప్లాస్టిక్ గూడు పూర్తిగా ఉండాలి. ఏదో పనికి విప్పి మళ్ళీ పెట్టకుండా వదిలేసిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. గూడు లేకపోతే ఫ్యాన్ తన పక్కనున్న గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది.

ఇక దుమ్ము. దమన్‌జోడి, సెమిలిగూడ వైపు ఎర్ర మట్టి మెత్తగా, పిండిలా ఉంటుంది. వాన పడితే జిగురవుతుంది. బయట నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ముందు ఉన్నది ఏసీ కండెన్సరు, ఇంటర్‌కూలరు (టర్బో గాలిని చల్లార్చేది). అసలు మట్టి వాటికీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఉంటుంది. పై బిగింపు విప్పి, రెండింటినీ రెండు వేళ్ళ సందు జరిపి టార్చి వేయండి. గడ్డి, పురుగులు, ఎర్ర మట్టి కలిసి దళసరి పొరలా కనిపిస్తే మీ ఘాటీ సమస్యలో సగం అదే. ఇంజను వైపు నుంచి బయటికి, నెమ్మది నీటి ధారతో కడగాలి. ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగి దారి ఇంకా మూసుకుంటుంది. మట్టి మెత్తబడేదాకా నానబెట్టి, రెండు మూడు దఫాలుగా కడగండి.

బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మి.మీ. దిగాలి, అంతకన్నా బాగా ఎక్కువైతే పంపు జారుతోంది. అన్నింటినీ తిప్పే ఒకే పొడుగు బెల్టు (సర్పెంటైన్) అయితే టెన్షనరు గుర్తు చూడాలి.

రేడియేటర్ లోపల

బోరు నీళ్ళు, దారిలో గెడ్డ నీళ్ళు పోసిన బండి అయితే గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసుకుని, బాగా వేడెక్కిన ఇంజను నడుస్తుండగా రేడియేటర్ ముఖం మీద వరుసగా చూడండి. నీళ్ళు లోపలికి వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక పట్టీ ఒక్కసారిగా చల్లగా ఉంటే అక్కడ నీళ్ళు పారట్లేదు. మెరిసే లోహం మీద ఈ పరికరం తప్పు చూపిస్తుంది, కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించండి. ఏసీ ఉన్న బండికి ముందు నుంచి కొలవడం కుదరదు, ఫ్యాన్ వైపు నుంచి దూరంగా నిలబడి చూడాలి.

మూసుకుపోయిన రేడియేటర్‌లో యాసిడ్ పోయడం మాత్రం చేయనివ్వకండి. బాత్రూము కడిగే యాసిడ్ సున్నంతో పాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది, పంపు సీలునీ తినేస్తుంది. అల్యూమినియానికి పనికొస్తుందని సీసా మీద రాసి ఉన్న ఫ్లష్ ద్రవం వాడి చూడండి, తీరకపోతే రేడియేటరే మార్చడం చవక. లీకు ఆపే పొడులు, పసుపు, గుడ్డు తెల్లసొన కూడా వద్దు. అవి లీకుని వెతుక్కోవు, సన్నని దారులన్నింటినీ మూస్తాయి.

హెడ్ గ్యాస్‌కెట్ అని రుజువు చేసుకోవడం

బుడగలు కనిపించాక కూడా ఒక రుజువు తీసుకోండి. నీలి రంగు ద్రవం ఉన్న గాజు గొట్టాన్ని రేడియేటర్ మెడ మీద పెట్టి లోపలి గాలిని దానిలోంచి లాగే పరీక్ష ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపుగా మారుతుంది. డీజిల్ బండికి దీన్ని తొందరపడి చేస్తే తప్పు ఫలితం వస్తుంది. ఐడిల్‌లో డీజిల్ పొగలో ఆ వాయువు చాలా తక్కువ. బండిని లోడు మీద తిప్పి తెచ్చి, వేడి తగ్గాక జాగ్రత్తగా మూత తీసి, 2,000 ఆర్పీఎం పైన కొన్ని నిమిషాలు ఉంచి చూడాలి. ఆకుపచ్చగా మారినా అనుమానించాల్సిందే. నీటి మట్టాన్ని రెండు మూడు అంగుళాలు తగ్గించి చేయాలి, కూలెంట్ గొట్టంలోకి వస్తే ద్రవం పాడవుతుంది.

ఏ సిలిండరో తెలియాలంటే గ్లో ప్లగ్ రంధ్రంలోంచి 6-7 బార్ గాలి ఇవ్వాలి. ఆ సిలిండర్ కంప్రెషన్ పై చివరన ఉండాలి, బండి గేరులో, హ్యాండ్ బ్రేకు మీద ఉండాలి, ఫ్యాన్ దగ్గర ఎవరి చేయీ ఉండకూడదు. రేడియేటర్‌లో బుడగ లేస్తే అదే సిలిండర్. గాలి ఆయిల్ మూతలోంచి వస్తే రింగులు, పొగగొట్టంలోంచి వస్తే వాల్వు.

రుజువయ్యాక హెడ్ విప్పండి. లేత్ షాపులో ఇవి అడగండి. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజుతో హెడ్ చదును కొలవాలి. 0.05 మి.మీ. మించితే కంపెనీ హద్దు ఎంతో మాన్యువల్ చూడాలి. చాలా డీజిల్ హెడ్లకి ఫేసింగ్ (చదును కోసం అడుగు చెక్కడం) కొట్టడాన్ని కంపెనీలు ఒప్పుకోవు, ఎక్కువ కొడితే వాల్వులు పిస్టన్‌కి తగులుతాయి. ఫేసింగ్ కన్నా ముందు హెడ్‌కి వేడి నీళ్ళలో గాలి పరీక్ష చేయించాలి. వేడెక్కిన డీజిల్ హెడ్‌లో రెండు వాల్వు సీట్ల మధ్య పగుళ్ళు వస్తాయి. పగిలిన హెడ్‌కి కొత్త గ్యాస్‌కెట్ వేయడం దండగ. పాత గ్యాస్‌కెట్‌ని పారేయకండి. దాని అంచున ఉన్న గాట్లు లేదా రంధ్రాల లెక్క మందాన్ని చెబుతుంది. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి ఆ మందమే వేయాలి. బోల్టులు సాగేవైతే కొత్తవే వాడాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ గానీ నీళ్ళు గానీ మిగిలితే బిగించేటప్పుడు బ్లాకు పగలొచ్చు, గాలి కొట్టి ఆరబెట్టాలి. బిగింపు వరుస, టార్కు, ఆపై కోణం మాన్యువల్ ప్రకారమే.

నీళ్ళు నింపడం

డిస్టిల్డ్ వాటర్, కంపెనీ చెప్పిన రకం కూలెంట్, చెప్పిన పాళ్ళలో కలపండి. సీసా మీద నేరుగా పోయమని ఉంటే నీళ్ళు కలపొద్దు. రెండు రకాల కూలెంట్‌లు కలపొద్దు, కొన్ని కలిస్తే జిగురు కడతాయి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, సన్నగా పోయండి. బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు లేని ధార వచ్చేదాకా తెరిచి ఉంచండి. హీటర్‌లోంచి చల్ల గాలి వస్తే ఇంకా గాలి ఉంది. మొదటి రెండు రోజులు పొద్దున్నే మట్టం చూసి కలుపుతూ ఉండాలి.

అప్పటిదాకా ఘాటీ ఎక్కక తప్పకపోతే లోడు తగ్గించండి. పెద్ద గేరులో దమ్ము లేకుండా లాగించకండి. ఒక గేరు తగ్గించి ఆర్పీఎం నిలబెడితే పంపు, ఫ్యాన్ రెండూ వేగంగా తిరుగుతాయి. ఏసీ కట్టేయండి. ముల్లు పెరుగుతుంటే హీటర్ పూర్తిగా తెరవండి, అదీ ఒక చిన్న రేడియేటరే. ఆపాల్సి వస్తే రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి, టర్బోకి కూడా అది అవసరం. ఆవిరి చిమ్ముతుంటే మాత్రం వెంటనే ఆపేయాలి. వేడి ఇంజనులో చన్నీళ్ళు పోయొద్దు, హెడ్ పగిలేది అక్కడే.

పైకి ఎక్కిన ముల్లు ఒక్కసారిగా కిందికి దిగితే చల్లబడిందని సంబరపడొద్దు. నీళ్ళు తగ్గి సెన్సరు గాలిలో తేలినప్పుడు కూడా అలాగే చూపిస్తుంది. అప్పుడు హీటర్ తెరిచి చూడండి. వేడి గాలి రాకుండా చల్ల గాలి వస్తే లోపల నీళ్ళు లేవు. వెంటనే పక్కకి తీసి ఆపేయండి, అక్కడి నుంచి లాగించుకు రావడమే మేలు.

ఇదే దారిలో లారీలు నడిపేవారికి ఒక మాట. లారీలో రేడియేటర్ బుడగలకి ఇంకో కారణం బ్రేకు ఎయిర్ కంప్రెసరు. దాని హెడ్‌కి కూడా ఇంజను నీళ్ళే పారతాయి. దాని గ్యాస్‌కెట్ పోతే గాలి నేరుగా నీళ్ళలోకి దూరి, అచ్చం ఇంజను హెడ్ గ్యాస్‌కెట్ పోయినట్టే డబ్బా పొర్లిస్తుంది. కంప్రెసరుకి వెళ్ళే రెండు నీటి గొట్టాలనీ విప్పి, ఇంజను వైపు చివరలు కలిపి, చల్లటి ఇంజనుని ఒకటి రెండు నిమిషాలు మాత్రం నడిపి చూడండి. బుడగలు ఆగిపోతే చిన్న గ్యాస్‌కెట్‌తో తేలిపోతుంది. నీటిలో నిలిచే లైనర్లు (పిస్టన్ తిరిగే విడి గొట్టాలు) ఉన్న ఇంజనుల్లో అయితే వట్టి నీళ్ళతో తిప్పినందువల్ల లైనర్ బయటి వైపు సన్న గుంటలు పడి చివరికి రంధ్రమవుతుంది. అడుగు ఓ-రింగులు పోతే నీళ్ళు నేరుగా సంపులోకి దిగుతాయి. అక్కడ కూడా ముందు చూడాల్సింది సంపు నట్టు దగ్గర మొదటి చుక్కలే.